లక్షా నలభై రెండు వేల ఎనిమిది వందల యాభై ఏడు

నాకు లెక్కలంటే భయం లేదు, కోపం ఉంది. అది కూడా అన్ని లెక్కల మీదా కాదు, ఒకే ఒక్క సంఖ్య మీద. 1,42,857. చూడ్డానికి అందులో ఏమీ లేదు. లారీ వెనక రాసి ఉంటే ఎవరూ రెండోసారి చూడరు. నేనూ చూసి ఉండేదాన్ని కాదు. అనంతపురంలో డిగ్రీ చదివే రోజుల్లో, క్లాసులో సారు ఏదో చెబుతుంటే వినకుండా, ఒకటిని ఏడుతో భాగించుకుంటూ కూర్చోబట్టి వచ్చింది ఈ తంటా అంతా. ఎక్కడో ఒకచోట తెగుతుందిలే అనుకున్నాను. తెగలేదు.

చుక్క తర్వాత ఒకటి, నాలుగు, రెండు, ఎనిమిది, ఐదు, ఏడు వచ్చాయి. ఆ తర్వాత మళ్ళీ ఒకటి, నాలుగు, రెండు. కాగితం అయిపోతుందే గాని భాగహారం అయిపోదు. ఇట్లా తిరిగి తిరిగి వచ్చే భిన్నాలు చాలానే ఉంటాయని నాకు తెలుసు. అయినా ఊరికే ఉండలేక ఆ ఆరంకెలనూ విడిగా రాసుకుని రెండుతో గుణించాను. 2,85,714 వచ్చింది. అవే అంకెలు, అదే వరస, కాకపోతే ఈసారి రెండు దగ్గర మొదలైంది. మూడుతో గుణిస్తే 4,28,571. నాలుగుతో 5,71,428. ఐదుతో 7,14,285. ఆరుతో 8,57,142. ఆరుగురు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడితే, ఒక్కోసారి ఒక్కొక్కరి దగ్గర మొదలుపెట్టి పేర్లు పిలిచినట్టు. ఎవరూ చెయ్యి వదలరు, ఎవరూ చోటు మారరు.

ఏడుతో గుణిస్తే మటుకు ఆ ఆరుగురూ మాయమై, వరసగా ఆరు తొమ్మిదులు వచ్చాయి. అక్కడితో ఆగలేదు నేను. మధ్యకు విరిచి 142కు 857 కలిపితే 999. రెండేసి అంకెలుగా తుంచి కలిపితే 99. ఆ సంఖ్యను దానితోనే గుణిస్తే 20408122449 వచ్చింది. అందులో మొదటి ఐదంకెలనూ మిగతా ఆరంకెలనూ విడదీసి కలిపి చూశాను. మళ్ళీ 1,42,857. ఎందుకిట్లా అని సారునడిగితే బోర్డు నిండా రాసి వివరించాడు. ఒక్కొక్క మెట్టూ అర్థమైంది. మొత్తం మాత్రం అర్థం కాలేదు. హాస్టలుకు పోయి కూడా అదే ఆలోచన.

ఇదంతా రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో. మా ఊరు కంబదూరు నుంచి కుందుర్పి పోయే దారి పక్కన, రోడ్డు దిగి లోపలికి నడిస్తే వస్తుంది. ఆ ఏళ్ళలో మా పక్క బోరు ఎండిపోవడం వార్త కాదు, ఎవరి బోరులోనైనా నీళ్ళు మిగిలాయంటే అది వార్త. మా ఆరిళ్ళకు కలిపి ఒక బోరు మిగిలింది. మా తాత నాటి ఉమ్మడి భూమిలో వేసింది కాబట్టి అందరికీ హక్కు ఉంది. మా నాయనది ఒక ఇల్లు, మా చిన్నాయనది ఒక ఇల్లు, మా అత్తది ఒకటి, మిగతా మూడూ దాయాదులవి. అత్త నాయనకు చెల్లెలు. ఆమెను ఊళ్ళోనే దాయాదుల వేలువిడిచిన బంధువుకు ఇచ్చారు. మామ పోయాక చీనీ తోట, అత్త మిగిలారు.

చీనీ అంటే బత్తాయి. ఆ తోట సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. శెనక్కాయ ఎండితే ఒక పంట పోతుంది, మరుసటేడు మళ్ళీ విత్తనం పడుతుంది. చీనీ చెట్టు ఎండితే ఏళ్ళ సాకుడు పోతుంది. మామ నాటిన మొక్కలు అప్పుడప్పుడే కాపుకు వచ్చాయి. ఆ వేసవి గట్టెక్కితే అత్తకు బతుకు ఉంది, లేకపోతే రాయదుర్గం పోయి ప్యాంట్లు కుట్టే చోట కూలికి కూర్చోవాలి. అత్తకు ఆ మాట చెబితే ఒళ్ళు మండేది. "ఆ మిషన్ల మోతలో నేనుండలేను పాపా, చెట్లతోనే నాకు మాట్లాడబుద్ధవుతాది" అనేది.

బోరు దగ్గర గొడవంతా ఎవరు ముందు అనే. త్రీఫేజు కరెంటు వచ్చిన పూటే మోటరు ఆడేది. రాత్రంతా ఊరిన నీళ్ళు మొదట పెట్టుకున్నవాళ్ళకు కాలువ నిండా పారేవి. తర్వాతి వాళ్ళకు తగ్గుతూ వచ్చేవి. బోరు అడుగంటితే మోటరు నీళ్ళకు బదులు గాలి పీల్చి గొంతు పట్టినట్టు గురగురమనేది. అప్పుడు కాసేపు ఆపి ఊరనివ్వాలి, కానీ కరెంటు మన కోసం ఆగుతుందా? మొగదిక్కు లేని ఇల్లని అత్తను ఎప్పుడూ ఆఖరికి నెట్టేవాళ్ళు. ఆమె అరిచేది, ఎవరూ చెవిన పెట్టేవాళ్ళు కాదు.

సెలవులకు ఇంటికి పోయి, అత్తింటి ముందర బండ మీద బొగ్గుతో నా సంఖ్యను రాసి ఆమెకు చూపించాను. అత్త ఐదో తరగతి దాకా చదివింది. ముందు నవ్వింది. తర్వాత నేను గుణించిన ప్రతి వరస మొదటి అంకెనూ వేలితో తాకుతూ పోయింది.

"ఏం మే, ఇది దినానికొకర్ని ముందరికి తెస్తాండాది కదా?"

"తెస్తుందత్తా. ఆరు దినాల్లో ఆరుగురూ ఒక్కోసారి ముందుంటారు."

"ఎవుర్నీ వదలదా?"

"వదలదు."

అత్త లేచి చీర దోపుకుంది. ఆ పొద్దు సాయంత్రమే అందర్నీ మోటరు కొట్టం దగ్గరికి పిలిచింది. మనుషులు పెట్టే వరసకు తను ఒప్పుకోననీ, ఈ అంకె పెట్టే వరసకైతే కట్టుబడతాననీ తెగేసి చెప్పింది. నన్ను ముందుకు తోసింది. నేను కొట్టం గోడ మీద సున్నంతో రాస్తూ గుణించి చూపించాను. మొదట ఎగతాళి చేశారు. నాలుగుతో గుణించే సరికి ఎవరూ నవ్వడం లేదు. మా చిన్నాయన అయితే నా చేతిలో సున్నం లాక్కుని, నేనేదో కనికట్టు చేస్తున్నానని తనే గుణించుకుని చూశాడు.

ఏడుతో గుణించినప్పుడు జరిగింది చెప్పాలి. మా పక్క సోమవారం ఎద్దులకు కాడి కట్టరు. ఎంత పనున్నా సరే, ఆ దినం బసవన్నకు సెలవు. గోడ మీద ఆరు తొమ్మిదులు పడగానే చిన్నాయన రెండు చేతులూ జోడించాడు.

"ఏడో దినం ఎవురి అంకీ రాలేదు సూడండప్పా! బోరుకూ సోమారం సెలవిమ్మని చెప్తాండాది."

ఎద్దుకున్నట్టు బోరుకు వారపు సెలవేంటో నాకు అర్థం కాలేదు. లెక్కలో అట్లాంటిదేం లేదని చెప్పబోయాను. ఇంతలో ఎవరో ఎనిమిదో దినం సంగతేమని అడిగారు. ఎనిమిదితో గుణిస్తే 11,42,856 వచ్చింది. ఏడంకెలయ్యాయే అని అందరూ డీలా పడ్డారు. ముందున్న ఒకటిని తీసి చివరి ఆరుకు కలపమన్నాను. 1,42,857. మంగళవారం మళ్ళీ మొదటికి వచ్చింది. ఇక నేనేం చెప్పినా వినేవాళ్ళు లేరు. మరుసటి ఉదయానికి గోడ మీది సంఖ్యకు పసుపూ కుంకుమా పెట్టి ఉన్నాయి.

ఇంటికో అంకె పంచుకున్నారు; ఆ దినం గుణకారంలో అంకెలు వచ్చిన వరసలోనే ఇళ్ళ వంతులు. చిన్నాయన ఒకటి పట్టాడు, ఆయన ఎక్కడైనా ఒకటే పడతాడు. నాయన ఐదు తీసుకున్నాడు. ఏడు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. కళ్ళంలో రాశి కొలిచేటప్పుడు మా వాళ్ళు ఏడు అనరు, ఆరున్నొకటి అని దాటేస్తారు. "నాకా పట్టింపుల్లేవు, నాకియ్యండి" అని అత్త తీసుకుంది. ఆ పొద్దు అత్త ముఖం చూసి నాకు ఎంత గర్వమేసిందో! లెక్కలు చదివినందుకు ఒక మనిషికి మేలు జరగడం నేను చూడ్డం అదే మొదలు.

వంతు అయిపోయినవాళ్ళు పోయి తర్వాతి వాళ్ళను పిలవాలి. ఇది పాత పద్ధతే. పార భుజానేసుకుని వాకిట్లో నిలబడి "మా వంతైపాయ, రాండి" అని కేకేస్తారు. అట్లా నడిచింది కొన్నాళ్ళు. గొడవలు ఆగిపోయాయి. పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చి మా గోడ చూసి పోయేవాళ్ళు.

అత్త చీనీ చెట్ల ఆకులు మాత్రం పసుపు తిరిగాయి.

ముందు నేను నమ్మలేదు. అత్త కాలువకు ఎలుకలు బొక్కలు పెట్టాయేమోనని గట్టంతా తడిమి చూశాను. పాదులు లోతు చాలవేమోనని తవ్వించాను. ఏం చేసినా మోటరు అత్త వంతుకే గురగురమంటుంది. "నాకు గాలే వస్తాండాది పాపా" అని అత్త అంటే విసుక్కున్నాను. గాలికి తెలుసా ఎవరి వంతో? బండ మీద కూర్చుని మళ్ళీ మళ్ళీ సరిచూశాను. మంగళవారం ఒకటి ముందు, బుధవారం రెండు, గురువారం నాలుగు. ముందుండటమే కాదు, ప్రతి ఇల్లూ ఆరు దినాల్లో ఆరు స్థానాల్లోనూ ఒక్కోసారి నిలబడుతుంది. మొదట ఒకసారి, ఆఖర ఒకసారి, మధ్యలో ప్రతి చోటా ఒకసారి. ఇంతకు మించిన న్యాయం మనుషులకు చేతకాదు. మరి ఆరింట ఒకటే తోట ఎందుకు ఎండుతోంది? నా బుర్ర తిరిగిపోయింది. లెక్క తప్పయితే దిద్దుకోవచ్చు. లెక్క ఒప్పయి చెట్లు ఎండుతుంటే ఏం చెయ్యాలి?

అత్తకు సాయంగా ఆ వారమంతా ఆమె ఇంట్లోనే ఉన్నాను. ఒకరోజు పాదుల దగ్గర మట్టి సర్దుతుంటే వాకిట్లో కేక వినపడింది. "ఏం మ్మే, నా వంతైపాయ, రా!" మా నాయన గొంతు. నిన్నా నాయనే పిలిచాడు. మొన్నా నాయనే. అన్న చెల్లెల్ని దినమూ వచ్చి పిలుచుకుపోతాడని వీధిలో అందరూ మెచ్చుకునేవాళ్ళు, నేనూ మురిసిపోయేదాన్ని. ఆ పొద్దు మాత్రం చేతిలో పార అట్లాగే పట్టుకుని నిలబడిపోయాను. అంకెలు తిరుగుతాయి గాని, పక్కనున్నవాడు మారడు. ఏడుకు ముందు ఎప్పుడూ ఐదే. మా టమోటా తోట కాలువ కొసన ఉంది. అంత దూరం నీళ్ళు పారాలంటే నాయన మోటరు గాలి పీల్చేదాకా ఆడించాలి. ఆడించి, వచ్చి, చెల్లెల్ని పిలిచేవాడు. బోరు మళ్ళీ ఊరే సరికి అత్త వంతు దాటిపోయేది. అత్తే ముందుండే శనివారం ఒక్కటీ ఆమెకు ఎవరి పిలుపూ ఉండదు. ఆ దినం నాయన ఆఖర.

ఇంటికి పోయి నాయనకు చెప్పాను. ఆయనకు ఎక్కలేదు.

"దినానికొకరు ముందర పోతాండాం కదా. మీ అత్త కూడా పోతాండాది. ఇంకేం గావాల?"

"ముందు పోవడం కాదు నాయనా, ఎవరి వెనక పోతున్నామనేది..."

"వెనక ఎవురో ఒకరు ఉండాల కదా?"

నిజమే. ఎవరో ఒకరుండాలి. వరసను కొస నుంచి మొదటికి తిప్పి రాద్దామని చూశాను. అప్పుడు అత్త చిన్నాయన వెనక పడుతుంది, మేము అత్త వెనక పడతాం. అత్త తోట తడిస్తే మా టమోటా ఎండుతుందేమో. ఆ మాట మనసులోకి రాగానే సిగ్గేసింది, అయినా రాకుండా పోలేదు. చిన్నాయనకు చెబితే కళ్ళెర్ర చేశాడు. పసుపు కుంకుమ పెట్టిన అంకెను తిరగరాస్తావా అన్నాడు. లెక్క నేర్పిన నన్నే లెక్క తెలియనిదాన్ని చేశారు. ఏడుపొచ్చింది నాకు. అత్త మాత్రం నేను చెప్పిందంతా విని, ఐదు ఎవరిదో ఆమెకు తెలుసు కాబట్టి, "మీ నాయనకు చెప్పబాక" అంది. అప్పటికే చెప్పానని చెప్పలేకపోయాను.

ఆ తర్వాతి సోమవారం పొద్దున్నే మోటరు మోగింది. సోమవారం మోటరు శబ్దం అంటే ఇల్లు అంటుకున్నట్టే. అందరూ పరుగెత్తుకొచ్చారు. కొట్టంలో స్టార్టరు పెట్టె దగ్గర అత్త నిలబడి ఉంది, చేతిలో పార.

"ఎద్దుకు కూడా కాడి కట్టని దినం! నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అని చిన్నాయన కేకలేశాడు.

"బోరు ఎద్దా?" అంది అత్త. "అది గడ్డి తింటాదా, పొద్దుగూకితే పడుకుంటాదా?"

"అంకి చెప్పింది నువ్వే ఒప్పుకొంటివి కదా!"

"ఇప్పుడూ ఒప్పుకొంటా." అత్త గోడ మీది తొమ్మిదుల వరసకు పార చూపించింది. "ఈ తొమ్మిది మీలో ఎవురిది? చెప్పండి. నీదా? నీదా? ఎవురిదీ కాకపోతే ఈ దినం నాది. నా చెట్లు సస్తాండాయి."

అందరూ మా నాయన వైపు తిరిగారు. "నీ చెల్లెలికి నువ్వే చెప్పన్నా" అన్నాడు చిన్నాయన. నాయన కోపిష్టి. అయినా ఆ పొద్దు ఆయన కొట్టం దాటి, అత్త కాలువ గట్టెమ్మడి నడుచుకుంటూ పోయాడు. నేనూ అత్తా వెనకే పోయాం. కాలువ నిండా నీళ్ళు, గట్టు తెగుతుందేమో అన్నంత. పాదు వెంట పాదు నిండుతూ పోతున్నాయి. కొసన చెట్లు ఆకు రాలి పుల్లలై ఉన్నాయి, పాదుల్లో నెర్రెలు. ఆ నెర్రెల్లోకి నీళ్ళు దిగే చప్పుడు వింటూ నాయన నిలబడ్డాడు.

"ఏం మ్మే, ఈ చెట్లకు నీళ్ళు పారనే ల్యా?"

"శనివారం కాస్త పారతాయన్నా," అంది అత్త. "నువ్వొచ్చి పిలిచిన దినాలు పారవు."

నాయన ఆమె చేతిలో పార తీసుకుని తర్వాతి పాదుకు నీళ్ళు తిప్పాడు. మరుసటి దినం నుంచి ఆయన తన వంతు సగంలోనే మోటరు ఆపి, కొట్టం గడప మీద కూర్చునేవాడు. నీళ్ళు ఊరాక అత్తను పిలిచేవాడు. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. సోమవారం అత్తదిగా నిలిచిపోయింది. మా టమోటా తోట కొసన ఎండిపోయింది.

అత్త చెట్లలో సగం బతికాయి. ఆ సగం సోమవారం వల్ల బతికాయో నాయన వల్ల బతికాయో నాకు తెలియదు. రాయదుర్గం పోయే పని మాత్రం తప్పింది ఆమెకు. మరుసటేడు కాపు కోసినప్పుడు అత్త కొంగు నిండా చీనీకాయలు తెచ్చి నాయన ముందర పోసింది. సెలవులకు వచ్చి నేనూ అక్కడే ఉన్నాను. అత్త పోయాక నాయన ఒక కాయ చేతిలోకి తీసుకుని తిప్పుతూ కూర్చున్నాడు. వలవలేదు.

"పాపా, నువ్వు లెక్కలు సదివినావు కదా," అన్నాడు. "నిజం చెప్పు. నా వంతే కదా నేను వాడుకున్యా? ఒకరి సొమ్ము ముట్టుకోలేదు కదా? మరి ఆ సగం చెట్లు ఎట్ల సచ్చిపాయ?"

ఆయన నా ముఖం వంకే చూస్తున్నాడు. ఏదో ఒకటి చెప్పి ఆయన్ను ఓదార్చాలని ఎంతో అనిపించింది. కాయ ఆయన చేతిలోంచి తీసుకుని, నేనే వలిచి, తొనలు ఆయన అరచేతిలో పెట్టాను.